శనివారం మాత్ర

2024 ఫిబ్రవరి 12, సోమవారం

విజయవాడ నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి పదయింది. బస్సులో మా ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

జబ్బుకి పేరు దొరికింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఎనిమిది నెలలుగా తలా ఒక మాట చెప్పారు. వాతం అన్నారు, వయసు అన్నారు, ఇరవై ఏళ్లు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కదా అన్నారు. వంకాయ మానేశాను, బంగాళాదుంప మానేశాను, వావిలాకు వేసి మరిగించిన నీళ్లు కాపుకున్నాను. కాపుకున్న కాసేపూ హాయిగానే ఉండేది. తెల్లారేసరికి మళ్లీ చేతులు కొయ్యలు.

డాక్టరు గారు నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశారు. వాచిన చోటల్లా కాగితం మీది బొమ్మలో చుక్క పెట్టారు. "పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపటికి మీ స్వాధీనంలోకి వస్తున్నాయమ్మా?" అని అడిగారు. ఇన్నాళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. గంటన్నర అన్నాను. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచుకుని కూర్చుంటే తప్ప జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నానని కూడా చెప్పేశాను. ఆ మాట చెబుతుంటే ఏడుపొచ్చింది. అరిగిపోయిన కీలు పనిచేస్తే నొప్పి పెడుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇది తిరగబడిన నొప్పి అన్నారావిడ. పడుకుంటే బిగుస్తుంది, కదిలితే వదులుతుంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే కీలు లోపలి పొర మీద పడ్డాయట. అలా వదిలేస్తే ఎముకని కొరికేస్తాయట, కొరికింది మళ్లీ రాదట.

ఇన్నాళ్లూ మింగిన నొప్పి బిళ్లల సంగతి అడిగారు. రోజుకి రెండు, ఒక్కోసారి మూడు. అవి నొప్పిని ఆపుతాయేగానీ కొరకడాన్ని ఆపవు, పైగా కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీని కుంగదీస్తాయి అన్నారు. నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

2024 ఫిబ్రవరి 17, శనివారం

మందులు మూడు రకాలు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, 15 మిల్లీగ్రాములు: ఏడున్నరవి రెండు. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజూ. ఈ రెండూ పట్టు దొరకబుచ్చుకునే దాకా, అంటే ఒకటిన్నర నెల నుంచి మూడు నెలల వరకూ, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 10 మిల్లీగ్రాములు, మెల్లగా తగ్గించుకుంటూ. వీటికి తోడు ఫోలిక్ యాసిడ్, ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి.

మెథోట్రెక్సేట్‌కి ఒక వారం ఎంచుకోమన్నారు. శనివారం రాత్రి అన్నాను, మర్నాడు బడి ఉండదు కదా అని. డాక్టరు గారు చీటీ మీద ఆ పదం తెలుగులో రాశారు. "శనివారం." కింద రెండు గీతలు. "రోజూ కాదు. ఎవరు చెప్పినా రోజూ కాదు" అన్నారు. మాత్ర మరిచిపోతే కంగారుపడి రెండింతలు వేసుకోవద్దన్నారు.

డబ్బాలోని కాగితం ఆయన భూతద్దం పెట్టి చదివారు. "ఇది క్యాన్సరు మందుటే" అన్నారు, గొంతు తగ్గించి. నిజమే. క్యాన్సరుకి ఇచ్చే పెద్ద మోతాదులు దీనికి వందల రెట్లు ఉంటాయని డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి నేను తట్టుకున్నాను. చెప్పకపోయి ఉంటే ఆ డబ్బా ఈపాటికి పెరట్లో ఉండేది.

శనివారాలు అన్నం తినను. ఉప్మా తిని, ఎనిమిదింటికి వేసుకున్నాను. రెండు చిన్న పసుపు మాత్రలు. వేసుకుని చాలాసేపు నా గుండె చప్పుడు నేనే విన్నాను.

2024 ఫిబ్రవరి 21, బుధవారం

ఇవాళ పొద్దున లేచి, అలవాటుగా గిన్నెలో వేన్నీళ్లు పోసుకుని, చేతులు ముంచబోయి ఆగాను. వేళ్లు ముడుచుకుంటున్నాయి. పిడికిలి బిగించాను. తెరిచాను. మళ్లీ బిగించాను. ఆయన్ని లేపి చూపించాను.

ఇది స్టెరాయిడ్ పని అని తెలుసు, మిగతావాటి పని ఇంకా మొదలే కాలేదు. తెలిసినా, ఆ చిన్న తెల్ల మాత్రకి దణ్ణం పెట్టాలనిపించింది. మధ్యాహ్నం అన్నం ముద్ద కలుపుకుని తిన్నాను, చెంచా లేకుండా. ఆకలి కూడా విపరీతంగా వేస్తోంది. రాత్రి రెండింటిదాకా నిద్ర రాలేదు. ఆకలీ నిద్రలేమీ కూడా దాని పనేనట.

సాయంత్రం లైబ్రరీ పుస్తకంలో దీని కథ చదివాను. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మంచం దిగలేని ఒకావిడకి కార్టిసోన్ సూదులు ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచి ఊళ్లోకి వెళ్లింది. 1950లో హెంచ్‌కీ, కెండల్‌కీ, రైఖ్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. తరవాత్తరవాత తెలిసింది, ఎక్కువకాలం వాడితే ముఖం చంద్రబింబంలా ఉబ్బుతుందని, చక్కెర పెరుగుతుందని, ఎముకలు గుల్లబారతాయని, కంట్లో శుక్లాలు వస్తాయని. మంచం మీంచి లేచి నడిచిన ఆవిడకి మాత్రం ఆ మొదటి వారం ఎలా ఉండి ఉంటుందో నాకు ఇవాళ తెలిసింది. ఊళ్లల్లో జనం సంతలో ఇచ్చే కీళ్లనొప్పుల పొడి పొట్లాల వెంట ఎందుకు పడతారో కూడా అర్థమైంది. ఆ పొడి తినే పాలకొల్లు అత్తయ్య గుర్తొచ్చింది.

2024 మార్చి 3, ఆదివారం

మూడో శనివారం అయింది. ఆదివారం పొద్దున వికారం. కాఫీ వాసన కూడా పడటం లేదు. నోట్లో లోపలి పెదవి మీద చిన్నగా పూసింది. అమ్మ ఉంటే వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టేది. డాక్టరు గారికి ఫోన్ చేయిస్తే, ఒకటీ అరా పొక్కులకి భయపడక్కర్లేదు, ఫోలిక్ యాసిడ్ మానొద్దు అన్నారు. పుండ్లు ఎక్కువై మింగుడు పడకపోయినా, జ్వరం వచ్చినా, పొడిదగ్గుతో ఆయాసం వచ్చినా ఆ వారం మాత్ర ఆపి వెంటనే రావాలట.

రేపు మొదటి రక్తపరీక్ష. మొదటి మూడు నెలలూ దగ్గరదగ్గరగా, ఆ తరవాత రెండు మూడు నెలలకోసారి. తెల్లకణాలు, లివరు, కిడ్నీ. మందు చవక. పరీక్షలే ఖరీదు. అందుకే చాలామంది మందు కొని పరీక్ష మానేస్తారని ల్యాబు కుర్రాడు చెప్పాడు.

2024 ఏప్రిల్ 27, శనివారం

వేసవి సెలవులు. జీవశాస్త్రం టీచరు ఇంటికొచ్చింది. మాటల్లో నా మందుల పేర్లు విని, "రెండూ మన ఊరాయనవే కదండీ" అంది. ఏ ఊరాయన అన్నాను. "యెల్లాప్రగడ సుబ్బారావు గారు."

ఇరవై ఏళ్లుగా ఈ భీమవరంలో పాఠం చెబుతున్నాను. ఆయన ఇక్కడ పుట్టారని తెలుసు, గొప్ప శాస్త్రవేత్త అని పిల్లలతో వ్యాసం కూడా రాయించాను. ఏం చేశారో మాత్రం నాకే సరిగా తెలియదు. టీచరుగా సిగ్గుపడ్డాను. సాయంత్రం దాకా ఆమెని కూర్చోబెట్టి చెప్పించుకున్నాను, తరవాత పుస్తకం తెచ్చుకుని చదివాను.

1895 జనవరి 12న పుట్టారు. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో, విరేచనాలతో రక్తం చచ్చిపోయి, కొద్దికాలం తేడాలో పోయారు. 1922లో అమెరికా వెళ్లారు, మళ్లీ రాలేదు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, కణజాలంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేయగలిగింది. స్ప్రూకి పనికొచ్చిన మందు అది. ఆ ఫోలిక్ యాసిడ్ అణువునే కొంచెం మార్చి, దాని పని చెడగొట్టే నకళ్లనీ వాళ్లే తయారు చేశారు. ఒక నకలు అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకి అది ఇచ్చి, పదహారు మందిలో పది మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రచురించాడు. ఇంకో నకలు అమెథోప్టెరిన్. ఇప్పటి పేరు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దాన్ని అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది 1988లో.

ఆయన 1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. మేయో క్లినిక్‌లో ఆ మొదటి కార్టిసోన్ సూది పడింది ఆ మరుసటి నెలే.

శనివారం నేను మింగేది నకలు. ఆదివారం మింగేది అసలు. నకలు చేసే హాని అసలు కొంత సరిచేస్తుంది. రెండూ ఒకే మనిషి ప్రయోగశాల నుంచి వచ్చాయి, ఆ మనిషి ఈ వీధుల్లో పుట్టాడు. కొన్నేళ్లు బళ్లో పిల్లల చేత మేం దగ్గరుండి మింగించిన బోదకాలు మాత్ర, అదీ ఆయన బృందానిదే. రాత్రి మాత్రలు చేతిలోకి తీసుకున్నప్పుడు భయం లేదు. మొదటిసారి.

2024 మే 14, మంగళవారం

నిన్న ఎన్నికల డ్యూటీ. ఒంట్లో బాగోలేదని మినహాయింపు అడగమన్నారు ఆయన. అడగలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రాత్రి పదకొండు దాటాక సామాను అప్పజెప్పి వచ్చాను. పెట్టెలకి దారం కట్టాను, లక్క సీళ్లు వేశాను, వందల సంతకాలు పెట్టాను. ఇవాళ చేతులు అలిసిపోయాయి, వాచలేదు. పన్నెండు వారాలయింది. స్టెరాయిడ్ ఇప్పుడు రెండున్నర మిల్లీగ్రాములే. అంటే ఇది శనివారం మాత్ర చలవ.

జుట్టు ఊడుతోంది. దువ్వెన నిండా వస్తోంది. పర్వాలేదు.

2024 జూన్ 10, సోమవారం

అత్తయ్యని మా డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్లాను. తీసుకెళ్లడానికి రెండు నెలలు పట్టింది. నాన్నకి చెల్లెలు, అరవై ఎనిమిదేళ్లు. ఆరేళ్లుగా ఒకతను సంతలో ఇచ్చే కీళ్లనొప్పుల పొడి తింటోంది. "అది తింటే పొలం గట్టు మీద పరిగెత్తగలను, మానితే మంచం దిగలేనే అమ్మాయ్" అంటుంది. బుగ్గలు ఉబ్బాయి. చేతి మీద గాజు తగిలినా కమిలి నల్లగా అవుతోంది. చక్కెర వచ్చింది. డాక్టరు గారు చూడగానే అన్నారు, ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని. ఒక్కసారిగా మానకూడదని కూడా అన్నారు. ఏళ్ల తరబడి బయట నుంచి వస్తుంటే ఒళ్లు తన స్టెరాయిడ్ తాను తయారు చేసుకోవడం మరిచిపోతుందట. ఠక్కున ఆపితే ప్రాణం మీదకి వస్తుందట. అందుకని కొలత తెలిసిన మాత్ర ఇచ్చి, నెలనెలా తగ్గించుకుంటూ రమ్మన్నారు. దాంతోపాటు మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు, వారానికి ఒకటి.

వేచి ఉండే గదిలో పక్కన ఒక పాతికేళ్ల అబ్బాయి. వెన్నెముక బిగుసుకుపోయే వాతం, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి మాట్లాడుతున్నాడు. కొత్తరకం ఇంజెక్షన్ రాశారట, దానికి ముందు క్షయ ఉందేమో అని ఛాతీ ఫోటో, రక్తపరీక్ష. "నాకు దగ్గే లేదండీ, టీబీ పరీక్ష దేనికి?" అని నర్సుని అడిగాడు. ఆమె ఎంత బాగా చెప్పిందో. మన దేశంలో చాలామంది ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ ఉంటుంది బాబూ, దాని చుట్టూ ఒళ్లు ఒక కంచె కట్టి ఉంచుతుంది, నీ నొప్పి తగ్గించే ఈ సూది ఆ కంచెని కూడా వదులు చేస్తుంది, అందుకే ముందు చూసుకోవాలి అంది. అబ్బాయి తలూపాడు. గదిలో అందరం విన్నాం. ఒక్క నిమిషం పట్టింది చెప్పడానికి.

2024 జూలై 18, గురువారం

అత్తయ్య ఆసుపత్రిలో ఉంది.

2024 జూలై 20, శనివారం

ఇవాళ రాయగలుగుతున్నాను.

మొదటి నెల మందులు విజయవాడలోనే కొన్నాం, అట్ట మీద వారం పేరు రాసి ఇచ్చారు. రెండో నెల అత్తయ్య కొడుకు, మా బావ, దగ్గర్లోని షాపులో కొన్నాడు. చీటీ మీద "శనివారం" అని రాసినచోట మడత పడి చిరిగిపోయింది. ఇంగ్లీషులో వారానికొకసారి అని పొట్టి అక్షరాల్లో ఉంది. షాపులో అన్ని అట్టల మీదా రాసినట్టే దీని మీదా పెన్నుతో "రాత్రి 1" అని రాశారు. అత్తయ్య చదువుకున్నది మూడో తరగతి. అట్ట మీద రాసినట్టు చేసింది. తొమ్మిది రాత్రులు, తొమ్మిది మాత్రలు. కొత్త అట్ట మందు మంచిది కాబోలు, రోజూ ఇస్తున్నారు, తొందరగా తగ్గుతుంది అనుకుందట.

ఏడో రోజుకి నోరంతా పూసింది. వేడి చేసిందని మజ్జిగ తాగింది. తరవాత మజ్జిగ కూడా మింగలేకపోయింది. జ్వరం. నేను వెళ్లేసరికి పెదవులు నల్లగా పెచ్చులు కట్టి ఉన్నాయి. అట్ట చూశాను. పది మాత్రల అట్టలో ఒకటి మిగిలింది. కాళ్ల కింద నేల కదిలింది.

తెల్లకణాలు కనీసం 4,000 ఉండాల్సిన చోట 1,100. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. కిడ్నీ ముందే కొంచెం బలహీనంగా ఉందట, ఈ మందు బయటకి పోవాల్సిన దారి అదే కాబట్టి ఒంట్లోనే పేరుకుపోయింది. ఆరు గంటలకోసారి ఫోలినిక్ యాసిడ్ సూది ఇస్తున్నారు. నకలు మూసేసిన తలుపు పక్కనుంచి అసలు సరుకు అందించడం లాంటిదని డ్యూటీ డాక్టరు చెప్పాడు. విడిగా ఉంచారు, మేం నోటికి గుడ్డ కట్టుకుని వెళ్తున్నాం.

పొడి మాన్పించింది నేను. ఇది మొదలుపెట్టించింది నేను. బళ్లు తెరిచారని, పిల్లల పుస్తకాలని, పరీక్షలని ఐదు వారాలు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోన్‌లో "మాత్రలు వేసుకుంటున్నావా అత్తయ్యా?" అని అడిగాను. "మానకుండా వేసుకుంటున్నానే" అంది. ఆ జవాబు విని సంతోషించాను. "ఏ రోజు వేసుకుంటున్నావు?" అని అడగలేదు.

రాత్రి నా మాత్రలు చేతిలో పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. వేసుకున్నాను.

2024 ఆగస్టు 11, ఆదివారం

అత్తయ్య ఇంటికొచ్చి పది రోజులైంది. బతికింది. జుట్టు సగం పోయింది, మనిషి సగం అయింది. నోరు మానింది. ఇవాళ పప్పన్నం మెత్తగా కలిపి పెడితే తింది. "ఇంక ఏ మందూ వద్దే" అంది. నేను బతిమాలలేదు, పక్కన కూర్చున్నాను.

వచ్చేటప్పుడు బావతో కలిసి ఆ షాపుకి వెళ్లాను. దెబ్బలాడాలనే వెళ్లాను. కౌంటరు వెనక ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. అట్ట చూపిస్తే మొహం తెల్లబోయింది. అంత ప్రమాదమని ఎవరూ చెప్పలేదండీ అన్నాడు. యజమాని వచ్చి చీటీ చిరిగిందనీ, డాక్టరు పెద్ద అక్షరాల్లో రాయాలనీ వాదించాడు. వారానికొకసారి అన్న మాట డాక్టరు ఇంగ్లీషులో రాయడం తప్పే. చిరిగిన చీటీకి ఫోన్ చేసి కనుక్కోకుండా మందివ్వడం అంతకన్నా తప్పు. వారానికొకసారి మందుకి నాలుగంటే నాలుగు మాత్రలు కత్తిరించి ఇవ్వాలి, నిండు అట్ట ఇవ్వకూడదు. ఈ మాట ఆయన మొహాన్నే చెప్పాను. కుర్రాడికి మాత్రం వారాల పేర్లు రాయడానికి లావుపాటి స్కెచ్ పెన్ను ఒకటి కొనిచ్చి వచ్చాను.

2024 సెప్టెంబరు 3, మంగళవారం

ఇవాళ డాక్టరు గారిని చూడాలి. బుడమేరు పొంగి విజయవాడ సగం నీళ్లలో ఉంది, రైళ్లు రద్దు. టీవీలో ఆ నీళ్లు చూస్తుంటే నా అపాయింట్‌మెంటు గుర్తు చేసుకోవడమే తప్పనిపించింది. రక్తపరీక్ష ఇక్కడే చేయించి కాగితం ఫోటో పంపాను. లివరు ఎంజైము ఒకటి కాస్త పెరిగింది. రాత్రి తొమ్మిదింటికి జవాబొచ్చింది: ఈ శనివారం నుంచి ఒక మెట్టు తగ్గించండి, నాలుగు వారాల్లో మళ్లీ పరీక్ష. ఆవిడ ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయని తరవాత తెలిసింది.

2024 అక్టోబరు 27, ఆదివారం

ఈ నెలలో రెండు సంగతులు.

మూత్రంలో మంటగా ఉంటే వీధి చివర క్లినిక్కులో చూపించుకున్నాను. సల్ఫా మాత్ర రాశారు, సెప్ట్రాన్ రకం. మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పాను, "అది కీళ్లకి కదమ్మా, దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నారు. ఉంది. రెండూ ఒకే దారిని మూసేవే, కలిస్తే తెల్లకణాలు కుప్పకూలతాయి. మా డాక్టరు గారు మొదటి రోజే ఇచ్చిన కాగితంలో ఈ పేరు ఎర్ర సిరాతో ఉంది. ఆ కాగితం సంచీలోనే ఉంటుంది కాబట్టి తీసి చూపించాను. మందు మార్చారు. అత్తయ్యకి ఇలాంటి కాగితం చదివి చెప్పేవాళ్లు ఎవరు?

రెండోది కంటి పరీక్ష. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే కొందరికి కంటి వెనక పొర దెబ్బతింటుంది, దెబ్బతిన్నది బాగుపడదు. అందుకే మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలి. మోతాదు ఒంటి బరువుని బట్టి, కిలోకి ఐదు మిల్లీగ్రాములు మించకుండా. చీకటి డబ్బాలో మొహం పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బొటనవేలు నొప్పి పుట్టింది, చుక్కలన్నీ కనిపించాయి. 2020 మార్చిలో కరోనాకి పనిచేస్తుందని జనం ఎగబడి కొన్న మాత్ర ఇదే. ఆ నెలల్లో కీళ్లవాతం వాళ్లు, లూపస్ ఆడపిల్లలు దొరక్క షాపుల చుట్టూ తిరిగారు. అది కరోనాకి పనిచేయలేదు. వీళ్ల వాపులు మాత్రం తిరగబెట్టాయి.

2024 నవంబరు 18, సోమవారం

కార్తీక సోమవారం. పాలకొల్లు వెళ్లాను. తెల్లవారుజామున అత్తయ్యతో క్షీరారామంలో దీపాలు పెట్టాం. వత్తులు తనే వెలిగించింది, చెయ్యి వణుకుతోంది గానీ పుల్ల పట్టుకోగలిగింది.

సెప్టెంబరు చివర తనంతట తనే అడిగింది, "ఆ డాక్టరమ్మ మళ్లీ చూస్తుందా?" అని. నొప్పి అడిగించింది. మెథోట్రెక్సేట్ ఇక వద్దని, హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో పాటు సల్ఫాసలజీన్ పెట్టారు. సల్ఫా పడని ఒళ్లు కాదు కదా అని ముందే అడిగి తెలుసుకున్నారు. ఈ రెండూ రోజూ వేసుకునేవే. అత్తయ్యకి అదే సులువు.

మొన్న అర్ధరాత్రి ఫోన్ చేసింది. "ఒసేయ్ అమ్మాయ్, మూత్రం నారింజరంగులో వస్తోందే, రక్తమేమో, నేను పోతున్నానేమో" అని వణికిపోతోంది. అది సల్ఫాసలజీన్ రంగు. ఏ హానీ లేదు. కాగితంలో ఉన్న ఆ ఒక్క వాక్యం నేను అత్తయ్యకి చదివి వినిపించడం మరిచిపోయాను. ఒక వాక్యం చెప్పకపోతే అరవై ఎనిమిదేళ్ల మనిషి అర్ధరాత్రి దాకా చావుకి సిద్ధపడి కూర్చుంది. గుడి నుంచి వచ్చాక, మొత్తం కాగితం నెమ్మదిగా, మామూలు మాటల్లో, రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి తను నాకు చెప్పింది. కడుపులో తిప్పితే ఏం చేయాలి, ఒళ్లంతా దద్దుర్లొస్తే ఏది ఆపాలి, జ్వరమూ గొంతునొప్పీ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. ఒక్కటీ తప్పలేదు. మూడో తరగతి చదువు దేనికీ అడ్డం రాలేదు.

2025 జనవరి 12, ఆదివారం

రేపు భోగి. అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. చుక్కలు నేను పెట్టాను, గీతలు తను కలిపింది. వంగి కూర్చోవడం అరగంటే ఓర్చుకోగలిగాను. కుడి చూపుడువేలు కొంచెం పక్కకి వంగింది, అది ఇక అంతే. ఎనిమిది నెలలు ఆలస్యం చేసిన ఫలితం. మిగతా తొమ్మిది వేళ్లూ నిటారుగా ఉన్నాయి.

ఇవాళ సుబ్బారావు గారి పుట్టినరోజు. పొద్దున ఫోలిక్ యాసిడ్ వేసుకుంటూ ఆ మాట అమ్మాయికి చెప్పాను.

సెలవుల ముందు మా బళ్లో ఆఖరి పీరియడ్ పిల్లలకి ఒక పని ఇచ్చాను. ఇంటికెళ్లి నాయనమ్మ, అమ్మమ్మ, తాతయ్య మందుల అట్టలు చూసి, ఏది ఏ రోజు ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, నాకు చూపించి, గోడకి అంటించమన్నాను. అర్థం కానిది షాపులో అడిగి రాయమన్నాను. నలభై రెండు మందిలో ముప్పై ఆరుగురు రాసి తెచ్చారు. ఒక అమ్మాయి కాగితంలో మెథోట్రెక్సేట్ ఉంది. పక్కన "బుధవారం మాత్రమే" అని రాసి, కింద ఎర్ర గీత గీసింది.

డాక్టర్లు వారం పేరు తెలుగులో రాయాలి. షాపువాళ్లు నాలుగు మాత్రలే కత్తిరించి ఇవ్వాలి. ఇంట్లో చదువుకున్న వాళ్లు "వేసుకున్నావా" అని కాదు, "ఏ రోజు వేసుకున్నావు" అని అడగాలి.

నిన్న రాత్రి నా మాత్రలు వేసుకున్నాను. మళ్లీ జనవరి 18, శనివారం.